ఫోనెత్తని నెల

మా బావకి ఎడమ చెవి వినపడదు. ముప్పై ఏళ్ళు ట్రాక్టర్ ఇంజన్ల పక్కన తల పెట్టి పనిచేస్తే ఎవరికైనా అంతే. మిగిలిన కుడి చెవిని మా ట్రాక్టర్ల దుకాణం మొత్తం వాడుకుంది. రైతులు ఆయన్ని చెవి మేస్త్రీ అనేవారు.

పొలంలో ట్రాక్టరో కోత మిషనో మొరాయిస్తే ఫోను ఆయనకే వచ్చేది. "మాటలొద్దు, ఫోను ఇంజను దగ్గర పెట్టండి" అనేవాడు. కళ్ళు మూసుకుని వినేవాడు. "డీజిల్ పైపులో గాలి చేరింది. ఫిల్టరు మీద బోల్టు కాస్త వదులు చేసి చేతి పంపు కొట్టండి. బుడగలు ఆగాక బిగించండి." అవతల బండి స్టార్టయిన చప్పుడు వింటే గానీ ఫోను పెట్టేవాడు కాదు. అన్నం తింటున్నా ఇదే వరస. ఒకసారి అక్క పన్ను పీకించుకుంటుంటే డాక్టరు గదిలోనూ ఇదే వరస. "నేను నొప్పితో ఏడ్చినా ఈయనకి వినపడదు గానీ, పది మైళ్ళ అవతల బేరింగు మూలిగితే లేచి కూర్చుంటాడు" అనేది అక్క.

ఈ ఫోన్లకి కాగితం లేదు. బండి షెడ్డులోకి వస్తేనే మేం జాబ్ కార్డు రాసేవాళ్ళం. ఫోనులో బాగుపడిన బండికి కూడా కార్డు రాయాలని ఎవరికీ తోచలేదు, ఆయనకి అసలే తోచలేదు. నేను అదే దుకాణంలో సేల్స్‌మన్‌ని. ఆ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. కొత్త బండి కొనడానికి వచ్చినవాళ్ళలో "చెడిపోతే చెవి మేస్త్రీ ఉన్నాడుగా?" అని అడగని రైతుని నేను చూడలేదు. ఉన్నాడని చెప్పి ఎన్ని బండ్లు అమ్మానో నాకే తెలుసు.

ఇంతలో వ్యాపారం పెంచాలని మా ఓనరుకి ఆశ పుట్టింది. పట్నం నుంచి ఒక సలహాదారుని పిలిపించాడు. ఆయన గీసిన ప్రతి బొమ్మలోనూ బాణం పైకే పోతుంది కాబట్టి, మేం బాణాలాయన అని పేరు పెట్టుకున్నాం. రెండు వారాలు ఏసీ గదిలో కూర్చుని, పొలం మొహం చూడకుండా, వృద్ధి ప్రణాళిక తయారు చేశాడు. గాజు తలుపులతో రెండో షోరూము, మరిన్ని కొత్త బండ్లు. పనికిరాని విభాగాలు తీసేయాలి. "వర్క్‌షాపుకి రోజుకి ఎన్ని బండ్లు వస్తాయి?" అని నన్నడిగాడు. జాబ్ కార్డుల కట్ట తెచ్చిచ్చాను. లెక్క చూస్తే రోజుకి రెండు. రోజుకి వచ్చే నలభై ఫోన్ల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కొత్త షోరూముకి మేనేజరుగా నా పేరు ఆ ప్రణాళికలోనే ఉంది. నీళ్ళు నమిలి ఊరుకున్నాను.

వర్క్‌షాపు మూసేశారు. బావ తన స్పానర్లు గోనెసంచిలో వేసుకుని ఇంటికెళ్ళిపోయాడు. ఓనరు ఒక్క మాట మాత్రం అన్నాడు. "పట్నం నుంచి సర్వీసు వ్యాను వస్తుంది. కోత నెల చూద్దాం. ఫిర్యాదులు పెరిగితే మేస్త్రీని మళ్ళీ పిలుస్తా."

ఆ సాయంత్రమే బావ దగ్గరికి పరిగెత్తాను. ఫిర్యాదుల పుస్తకం రాసేది నేనే మరి.

"బావా, ఈ ఒక్క నెల ఫోనెత్తకు. వాళ్ళంతట వాళ్ళే నీ కాళ్ళ దగ్గరికొస్తారు."

"పాపం, కోతల్రా ఇవి. ఎలా ఎత్తకుండా ఉంటాను?"

"ఉద్యోగం కావాలా, వద్దా?"

అక్క ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. కావాలని ఆవిడే జవాబు చెప్పినట్టు.

మొదటి వారం పుస్తకంలో ఏడు ఫిర్యాదులు పడ్డాయి. రెండో వారం సగం కాకముందే మొత్తం పద్నాలుగుకి చేరాయి. వ్యాను ఒక చోటికి పోతే మూడు చోట్ల మిషన్లు ఆగిపోయేవి. ప్రతి ఫిర్యాదూ చక్కటి అక్షరాలతో రాసుకున్నాను. పద్నాలుగోది ఒక కోత మిషను డ్రైవరుది. బెల్టు దగ్గర ఏదో గీరుకుంటుంటే ఇంజను ఆపకుండానే చెయ్యి పెట్టాడు. రెండు వేళ్ళు పోయాయి. సిగ్గు లేకుండా చెప్తున్నాను, అది రాస్తున్నప్పుడు కూడా నాకు లోపల సంతోషంగానే ఉంది. ఇక బావ తిరిగొచ్చినట్టే అనుకున్నాను.

ఆ మర్నాటి నుంచి పుస్తకంలో ఒక్క గీతా పడలేదు. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు మధ్యాహ్నం అక్కా వాళ్ళింటికెళ్తే బియ్యం డబ్బా మూత తీసుంది. బావ పెరట్లో స్టూలు మీద కూర్చుని ఫోను కుడి చెవికి ఆనించుకుని ఉన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. "ఇంకో రెండు వారాలు ఓపిక పట్టలేకపోయావా బావా? నీ నోటి దగ్గర కూడు నువ్వే తీసేసుకున్నావు!"

"ఆ వేళ్ళు పోయిన కుర్రాడు ముందు నాకే ఫోను చేశాడ్రా. డబ్బాలో మోగింది. నేను విన్నాను" అన్నాడు. "ఇంజను ఆపు నాయనా అంటే సరిపోయేది. ఒక్క మాట."

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ కూడా నావైపే కోపంగా చూసింది.

నెలాఖరు మీటింగులో బాణాలాయన నా పుస్తకంలోంచే బొమ్మ గీశాడు. ఫిర్యాదుల బాణం మొదటిసారి కిందికి దిగింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు భరించలేక, మీటింగయ్యాక ఓనరు గదిలోకి వెళ్ళి నిజం చెప్పేశాను. ఫోన్లన్నీ మా బావే చూస్తున్నాడు సార్, ఆయన్ని పిలవండి, అన్నాను.

ఓనరు కుర్చీలో ముందుకి వంగాడు. "ఇంట్లోంచే చేస్తున్నాడా?"

"అవును సార్."

"మరింకేం? పని జరుగుతోందిగా. పిలవడం దేనికి?" అన్నాడు. నెమ్మదిగా నవ్వు మొహంలోకి వచ్చింది. "ఆ నంబరు చెప్పు, రాసుకుంటా."

వారంలో స్టిక్కర్లు వచ్చాయి. మెరిసే పసుపు రంగువి. 'మీ బండికి ఏ ఇబ్బంది వచ్చినా ఫోను చేయండి' అని, కింద బావ నంబరు. కొత్త షోరూములో ప్రతి బండికీ అంటించే పని కొత్త మేనేజరుది, అంటే నాది.

నంబరు మార్చేయమని చెప్పడానికే ఆ ఆదివారం ఆయన దగ్గరికి వెళ్ళాను. నన్ను చూడగానే లేచొచ్చి భుజం పట్టుకున్నాడు. "నా నంబరు బండ్ల మీద వేశారట కదరా! చూశావా, నన్ను మర్చిపోలేదు" అన్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

అంతలో ఫోను మోగింది. ఆయన స్టూలు మీద కూర్చుని, ఫోను కుడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వినపడని చెవి నావైపు ఉంది.

"జాబ్ కార్డులు తీసుకెళ్ళి ఇచ్చింది నేనే బావా. ఫోన్ల సంగతి తెలిసీ చెప్పలేదు" అన్నాను.

"మాటలొద్దు" అన్నాడు బావ, అవతలి మనిషితో. "ఫోను ఇంజను దగ్గర పెట్టండి."