మంద్ర స్థాయి చుక్క

తొంభైల చివర సిద్దిపేటలో నాకు చిన్న కంప్యూటర్ సెంటర్ ఉండేది. బట్టల దుకాణం పైగది కిరాయికి తీసుకుని టైపింగ్ నేర్పేవాణ్ణి. బాలికల బడిలో సంగీతం చెప్పే టీచరమ్మకు కీళ్ళవాతంతో వేళ్ళు వంగక, స్వరాలు రాయడం కష్టమైంది. ఆమె కోసం స్వరాలు ప్రింట్ చేసే ప్రోగ్రామ్ ఒకటి రాశాను. అడిగినవాళ్ళందరికీ ఫ్లాపీలో ఊరికే ఇచ్చాను. ఎవరికి కావలసినట్టు వాళ్ళు మార్చుకోవచ్చని కోడ్ కూడా అందులోనే పెట్టాను. అడిగినవాళ్ళు నలుగురు.

వాళ్ళలో ఒకాయన పెళ్ళి బ్యాండు మాస్టరు, పోలీసు బ్యాండులో క్లారినెట్ వాయించి రిటైరైన మనిషి. ఆయనకు ఐదు గీతల మీద స్వరాలకు గుండ్లు పెట్టే ఇంగ్లీషు సంగీతపు రాతే వచ్చు.

ప్రోగ్రామ్‌లో ముందు ఏ పని చేయాలో తేల్చుకోవడానికి ఒక ఆదివారం ముగ్గురం కూర్చున్నాం.

"గొంతు దిగే మంద్ర స్థాయికి అక్షరం కింద చుక్క, పైకి పోయే తార స్థాయికి మీద చుక్క. నీ కాగితంల పై వరుస కింది చుక్క, కింది వరుస మీది చుక్క లెక్క కనబడ్తుంది. ముందు గది సరిజెయ్యి," అంది టీచరమ్మ.

"గది చిన్న పని సార్. ఐదు గీతలు ముందు పెట్టున్రి. రిబ్బను, కాగితాలు నేను తెస్త," అన్నాడు మాస్టరు.

నా ప్రింటరులో రిబ్బను అరిగిపోయి ఉంది. చర్చ ముగిసింది. 'ముందు ఐదు గీతలు' అని రాసి గోడకు అంటించాను. టీచరమ్మ అది చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివి వెళ్ళిపోయింది.

రెండు నెలలు కుస్తీ పట్టాను. గుండ్లు గీతల మీద నిలవలేదు. ఈలోగా టీచరమ్మ వైద్యానికి హైదరాబాద్ వెళ్ళింది. ఆమె బదులు లెక్కల టీచరు నా కాగితాలు చూసి బడి వార్షికోత్సవానికి పాట నేర్పింది. ఆ రోజుకు టీచరమ్మ తిరిగొచ్చి ముందు వరుసలో కూర్చుంది. రెండో చరణంలో గొంతు దిగాల్సిన చోట ఎనిమిది మంది ఆడపిల్లలు ఒక్కసారే పైకి అరిచారు. ముఖ్య అతిథి చప్పట్లు కొట్టాడు. టీచరమ్మ తల దించుకుంది. స్వాగతానికి వాయించిన మాస్టరు అక్కడే ఉన్నాడు.

మర్నాడు వచ్చి గోడ మీద కాగితం ఆయనే చింపాడు.

"ముందు చుక్కలు జెయ్యున్రి సార్."

"రిబ్బను మీరు తెచ్చిందే గద మాస్టరూ."

"రిబ్బను నాదైతే ఏంది? గొంతులు పిల్లలయి."

వరుసల మధ్య జాగా పెంచాను. అరగంట పట్టింది. రెండు నెలల కింద కూడా నా దగ్గర ఆ అరగంట ఉంది. కొత్త కాగితం ఇంటికి తీసుకెళ్ళి ఇస్తే టీచరమ్మ ఆ చరణం మెల్లగా, కిందికే పాడి చూసుకుంది. "ఇగ ఆయన గీతలు సూడు. పాపం, ఎదురుసూస్తుండు," అంది.

గీతలు నావల్ల కాలేదు. వేసవిలో, ఫ్లాపీ తీసుకున్న నలుగురిలో ఒకాయన, కరీంనగర్ లెక్చరరు, కోడ్ మార్చి ఫ్లాపీని పోస్టులో తిరిగి పంపాడు. ప్రింటు తీస్తే గుండ్లు గీతల మీద నిలబడి ఉన్నాయి.

"ఎంతియ్యాల్నట?" అన్నాడు మాస్టరు.

"ఏమొద్దని రాసిండు."

మాస్టరు ఆ ప్రింటు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆయన అడ్రసు ఇయ్యున్రి సార్. ఇంకేమేం గావాల్నో రాస్త."

మాస్టరు రాసిన ఉత్తరం నాలుగు పేజీలు వచ్చింది.