క్యాసెట్‌లో లేని చివరి పది నిమిషాలు

మా చిన్నప్పుడు ఈ అరబ్బు దేశంలోనే, మత్రాలో శుక్రవారం భోజనాలవగానే చాప పరిచి, టీవీ మీద కప్పిన దుప్పటి తీసి, ఇంట్లో ఉన్న ఆ ఒక్క క్యాసెట్టే మళ్ళీ పెట్టేవాళ్ళం...

అదొక చీనా సినిమా. నాన్న పనిచేసే బట్టల కొట్టు పక్కాయన తన దేశం వెళ్ళిపోతూ పాత వీసీఆర్‌తో పాటు ఇచ్చేసి పోయాడు. ఆ భాష పేరు కాంటనీస్ అని నాకు నిన్నటిదాకా తెలియదు. బొమ్మ కింద అరబ్బీ అక్షరాలు పరుగెత్తేవి. మాకు అదీ రాదు, ఇదీ రాదు.

అయినా మాకేం తక్కువ... రమణమ్మ పిన్ని ఉండేది. చుట్టం కాదు, కడప దగ్గరి పల్లె మనిషి. అరబ్బుల ఇంట్లో పని, శుక్రవారం సెలవు. అరబ్బీ గడగడా మాట్లాడేది కాబట్టి కింది అక్షరాలు చదివి కథ చెప్పే డ్యూటీ ఆమెదే. ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపిన బొరుగుల గిన్నె ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టేది.

"ఈ పిల్ల ఎంట ఇద్దురు పడినారు. ఒగడు కోటేసుకున్న ఆఫీసరు. ఇంగొగడు నూడుల్స్ అంగట్లో వంటోడు. ఈ పిల్లకు వంటోడంటేనే ఇష్టం, పైకి చెప్పదు."

గుమ్మం దగ్గర కూర్చునే యాదగిరి మామయ్య అందరికంటే ఎక్కువ నవ్వేవాడు. ఆయన జగిత్యాల వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ. భార్య పోయి చాలా ఏళ్ళయింది. పిన్నిని చేసుకుంటానని నాన్నతో అడిగించాడు. పిన్ని మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు, కూతురు ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. పిన్ని ఔననలేదు, కాదనలేదు. ఇదంతా అమ్మానాన్నలు వంటింట్లో గుసగుసలాడుతుంటే విన్నాను. తొమ్మిదేళ్ళ దాన్ని, చెవులు మాత్రం చేటలంత.

ఆ క్యాసెట్‌కు ఒక జబ్బు ఉండేది. ఎవరో కాపీ చేసినప్పుడు టేపు చాలలేదు. పసుపు రెయిన్‌కోట్ వేసుకున్న ఆ పిల్ల పడవ ఎక్కుతుంది, ఒడ్డున వంటవాడు గొడుగు పట్టుకుని నిలబడతాడు... అంతే, ఆ తర్వాత తెర నిండా చీమలు. చివరి పది నిమిషాలు పిన్ని నోటి వెంట వినాల్సిందే.

"పడవ దిగి ఎనక్కొస్సాది. వంటోన్నే చేసుకుంటాది" అనేది. ప్రతి వారం అదే ముగింపు, ప్రతి వారం మాకు అదే సంబరం.

"గా వంటోడు మంచోడు బిడ్డా, ఆమెను మంచిగ సూసుకుంటడు" అని యాదగిరి మామయ్య నాతో అనేవాడు, చూపు మాత్రం పిన్ని వైపు.

ఒక శుక్రవారం పిన్ని కథ మార్చేసింది. పడవ సీను నడుస్తుండగానే, "ఈ పిల్లకు ఊర్లో ఒక బిడ్డ ఉండాదంట. ఆ బిడ్డ ఒక ఇంటిదయ్యేదాక ఈమెకు పెండ్లి మాటే లేదంట. ఇంగ ఎనక్కి రాదు" అంది.

నేను ఊరుకుంటానా... "పోయిన వారం వంటవాడినే చేసుకుంటుందన్నావు కదా పిన్నీ" అని గొడవకు దిగాను.

"అరబ్బీలో ఇట్లనే రాసినారు పాపా. నేనే ఇన్నాళ్ళూ సరిగ్గా సదవలా" అంది, తలెత్తకుండా బొరుగులు కలుపుతూ.

యాదగిరి మామయ్య కాసేపు ఆ చీమల వైపే చూశాడు. "గట్లనా... సరే" అని లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మరుసటి శుక్రవారం రాలేదు. దూరంగా ఖురియాత్‌లో కట్టే సైట్‌కు పని మార్పించుకున్నాడని నాన్న చెప్పాడు. ఆ తర్వాత ఎప్పుడూ మా గుమ్మం తొక్కలేదు. నేనేమో మంచి సినిమాను పాడుచేసిందని పిన్నితో రెండు వారాలు మాట్లాడలేదు.

ఇక నిన్నటి సంగతి... ఇప్పుడు మేముండేది ఇదే దేశంలో, అల్ మవాలేలో. మా అమ్మాయి ఫోన్‌లో ఏదో చూస్తోంది, పక్కనుంచి పోతూ చూద్దును కదా, పసుపు రెయిన్‌కోట్. ఫోన్ లాక్కున్నంత పని చేశాను. అదే సినిమా, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో. మొత్తం చూసి నోరు వెళ్ళబెట్టుకుని కూర్చున్నాను.

కోటువాడు ఆఫీసరు కాదు, పళ్ళ డాక్టరు. సరే, పోనీ. కానీ సినిమా మొత్తం వెతికినా ఆ అమ్మాయికి బిడ్డ లేదు. ఊరు కూడా లేదు, పుట్టి పెరిగింది ఆ వీధిలోనే.

అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. పిన్నికి ఊరి నుంచి ఉత్తరం వస్తే అమ్మే చదివి వినిపించేది, జవాబు కూడా అమ్మే రాసిపెట్టేది. పిన్నికి తెలుగే చదవడం రాదు... అరబ్బీ ఎలా చదువుతుంది? ఆమెకు చదువు రాదని అమ్మకు తెలుసు, నాన్నకు తెలుసు, యాదగిరి మామయ్యకూ తెలుసు. ఆ రోజు ఆమె అందరి ముందూ ఆయనకు జవాబు చెప్పింది. నేను మధ్యలో దూరి, వంటవాడినే చేసుకోవాలని దబాయించాను. ఎంత బుద్ధిలేని దాన్నో...

పిన్ని ఇప్పుడు కడప దగ్గర, పెళ్ళి చేసి పంపిన ఆ కూతురి దగ్గరే ఉంటోంది. ఫోన్ చేసి, సినిమా దొరికిందని చెప్పాను.

"కడాకు నిజంగా ఏమైతాది పాపా?" అని అడిగింది.

"పడవ దిగి వెనక్కి వస్తుంది పిన్నీ. నువ్వు మొదట చెప్పినట్టే."

"వంటోడు ఆడనే ఉండాడా?"

"ఉన్నాడు. గొడుగు పట్టుకుని అక్కడే ఉన్నాడు."

"సినిమా గదా పాపా... ఉంటాడు" అంది.

ఇప్పుడు మా ఇంట్లో ముగ్గురం మూడు ఫోన్లలో మూడు సినిమాలు చూస్తాం. కింద అన్నీ సరిగ్గానే రాసి ఉంటాయి, ఎవరూ ఎవరికీ కథ చెప్పరు. మీ చిన్నప్పుడు మీకు సినిమా కథలు చెప్పినవాళ్ళు ఎవరో రాయండి, చదవాలని ఉంది...

ఇంకొక్క మాట. ఖురియాత్ సైట్‌లో పనిచేసిన యాదగిరి మేస్త్రీ మీలో ఎవరికైనా తెలిస్తే, ఆ పిల్ల పడవ దిగి వెనక్కి వచ్చిందని ఆయనకు చెప్పండి. ఇది రాయనా అని పిన్నిని అడిగాను... ఔననలేదు, కాదనలేదు.