మడమకు తెలియని వేడి

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన పదో రోజున మా అమ్మ ఇటుకను పొయ్యిలో కాల్చి, గుడ్డలో చుట్టి, నా ఎడమ పాదం కింద పెట్టింది. "కాలు సల్లవడ్డది. జర కాపితే రగతం ఆడుతది. మంచిగున్నదా బిడ్డా?" అని అడిగింది. మంచిగున్నదమ్మా అన్నాను. నాకు వేడీ తెలియలేదు, ఇటుకా తెలియలేదు. పొగలో కళ్లు ఎర్రబడ్డ మనిషికి ఆ మాట చెప్పలేకపోయాను.

జబ్బు మొదలైంది ఎనభై ఒకటిలో, నేను డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా. ధర్మసాగర్‌లో మా ఇంటి ముందు నీళ్ల బిందె ఎత్తుతుంటే నడుము పట్టేసింది. వారం తిరిగేసరికి నొప్పి పిరుదు నుంచి పిక్క మీదుగా పాదం దాకా దిగింది. ఐదు నెలలు మాత్రలు, పట్టీలు. కూర్చుని పుస్తకం చదవలేను, బోర్లా పడుకుని చదివేదాన్ని. చివరికి వరంగల్ దవాఖానలో డాక్టరు గారు "డిస్క్ జారి నర్వ్‌ను నొక్కుతోంది" అని ఆపరేషన్ చేశారు.

మూడో రోజుకు నడుము నొప్పి తగ్గింది. పిక్కలో మంట పోలేదు. మడమ, చిటికెన వేలి వైపు పాదం మొద్దుబారాయి. రౌండ్స్‌లో డాక్టరు గారు "ఎక్కడైనా నంబ్‌నెస్ ఉందామ్మా?" అని అడిగారు. చుట్టూ పదిమంది మగ విద్యార్థులు. లంగా జరిపి పిన్‌తో గుచ్చి చూస్తారని భయపడి, లేదని తల ఊపాను. డైరీలో మాత్రం తేదీ వేసి రాసుకున్నాను, మడమ నాది కానట్టుందని.

ఇటుక పెట్టిన మర్నాడు అమ్మ నా కాలు కడుగుతూ ఆగిపోయింది. మడమ నిండా బొబ్బ.

"ఇంత కాలితే చెప్పద్దా? నోట్లె మాట లేదా నీకు?"

"నిద్రపట్టింది, తెలువలే" అన్నాను.

బొబ్బ పగిలి పుండైంది. నాలుగు నెలలైనా మానలేదు. రోజు విడిచి రోజు బస్సెక్కి డ్రెస్సింగ్‌కు పోయేవాళ్లం. ఒకరోజు సిస్టర్ చచ్చిన చర్మం కత్తిరిస్తూ కత్తెర ఆపింది.

"అందరు ఒర్రుతరు. నువ్వేంది పిల్లా, బస్సు కోసం చూసినట్టు కూసున్నవ్? నొస్తలేదా?"

లేదన్నాను.

"ఎప్పటిసంది?"

సంచిలోంచి డైరీ తీసి ఆ పేజీ ఇచ్చాను. చదివి, "ఇంత మంచిగ రాస్తవ్, నోటితోని ఒక్క ముక్క చెప్పరాదా? నడువు" అని డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లింది.

ఆయన కోప్పడలేదు. "నర్వ్ నెలల తరబడి నలిగితే, ఆపరేషన్ బాగా జరిగినా నొప్పి, తిమ్మిరి మిగిలిపోవచ్చు. డిస్క్ ముక్క ఉండిపోయి ఉండొచ్చు. కోసిన చోట లోపల మచ్చ కట్టి, స్కార్ పట్టి ఉండొచ్చు. ఇన్ఫెక్షనేమో, షుగరేమో అది కూడా చూడాలి" అన్నారు. షుగర్ లేదు, లోపల ఇన్ఫెక్షన్ లేదు. మైలోగ్రామ్ అనే ఎక్స్‌రే కోసం వెన్నులో డై, అంటే రంగు మందు, ఎక్కించారు. దాని తలనొప్పితో మూడు రోజులు తల ఎత్తలేకపోయాను. ముక్క మిగల్లేదు, నర్వ్ చుట్టూ స్కార్ ఉంది. మళ్లీ కోస్తే మళ్లీ స్కార్ పడుతుందన్నారు. తర్వాత అమ్మను బయటికి పంపి, పుండు ఎముకకు దిగితే పాదం తీసేయాల్సి రావచ్చని చెప్పారు. ఆ వారం డైరీలో ఒక్క అక్షరం లేదు. ఊరి చివరి బావి వైపు పోకుండా నన్ను ఆపింది, ఒక్కదాన్నే అంత దూరం నడవలేకపోవడమే.

పుండు ఎముక దాకా దిగలేదు. మానడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. ఆపరేషన్ అయి ఇప్పటికి రెండేళ్లు దాటింది. కుంటుతూ నడుస్తాను. చెప్పు జారిపోయినా తెలియదు, వెనక్కి తిరిగి చూసుకుంటాను. పిక్కలో మంట రోజూ సాయంత్రానికి వస్తుంది. తప్పంతా తనదేనని అమ్మ ఇంకా అనుకుంటోంది. ఆమెకు చదువు రాదు. ఇది నేనే చదివి వినిపించాలి. ఇంకా ధైర్యం చాలలేదు.

ఆపరేషన్ తర్వాత మొద్దుబారిన చోట కాపడం పెట్టనివ్వకండి. ఎక్కడ తెలియడం లేదో, ఎప్పటినుంచో కాగితం మీద రాయండి. మాట రాకపోతే ఆ కాగితమే డాక్టరు చేతికివ్వండి.

పోయిన నెల డాక్టరు గారు నన్ను కళ్లు మూసుకోమని మడమ పొడుగునా పిన్‌తో గుచ్చుతూ పోయారు. చుట్టూ విద్యార్థులు ఉన్నారు. అందరికీ వినబడేలా "లేదు, లేదు, లేదు" అంటూ పోయాను. ఆయన పిన్ పక్కన పెట్టారు.

"ఇక స్పర్శ తిరిగొస్తుందని ఎదురుచూడకమ్మా. ఉన్న కాలును కాపాడుకో."