నీళ్లకు పోగులు వేసిన రోజు

డిగ్రీలో కెమిస్ట్రీ చదివి బ్లౌజులు కుట్టుకుంటున్నదాన్ని నేను. నల్గొండ కాలేజీ ల్యాబులో గాజు గొట్టాలు పట్టుకుని నిలబడ్డ చేతులివే అని చెబితే కొలతలిచ్చే ఆడవాళ్లు నవ్వేవారు. అందుకే మా ఊరి నీళ్లు పరీక్ష చేయడానికి పట్నం నుంచి ఒక మేడం వస్తోందని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. భయంతో కాదు, సంబరంతో. ఆ హడావుడిలో ఎవరిదో జాకెట్టుకు ఒక చెయ్యి తిరగేసి కుట్టాను.

రాష్ట్రం వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. మా ఊరి గుట్ట వెనుక ఉన్న మందుల కంపెనీ పెరిగి పెరిగి రోడ్డు దాకా వచ్చింది. మా అన్న అందులోనే కాంట్రాక్టు పనికి పోయేవాడు. నన్ను ఊళ్లోనే ఇచ్చారు గనుక కుట్టుమిషను మాత్రం పుట్టింటి ముందర అర్రలో పెట్టుకున్నాను. ఆ ఇంట్లో ఏ గొడవ జరిగినా సగం సాక్షిని, సగం వాటాదారుని.

గొడవంతా పెరట్లోని బోరు గురించే. అది మా నాయిన ప్రాణం. ఆయన్ను కన్న మా అవ్వ మోకాళ్లు ఫ్లోరైడు నీళ్లకు వంగిపోయి, ఆఖరి రోజుల్లో వాకిట్లోకి పాకుతూ వచ్చేది. అది చూస్తూ పెరిగిన మనిషి ఆయన. ఒకచోట బోరు వేయించి, నీళ్లు పనికిరావంటే వదిలేసి, ఇంకోచోట వేయించి, చివరికి పెరట్లో మంచి నీళ్లు పట్టాడు. ఇందులో ఫ్లోరైడు లేదని ఆఫీసు వాళ్లు తేల్చిన రోజు వాడకట్టంతా బిందెలతో వచ్చింది. ఆ తర్వాత గడప దాకా నల్లా వచ్చినా మా ఇంట్లో తాగేది బోరు నీళ్లే. వేరే నీళ్లు తాగితే ఆయన్ను ముఖం మీదే తిట్టినట్టు లెక్క.

పెళ్లయిన చాన్నాళ్లకు మా వదిన నెల తప్పింది. అప్పటి నుంచీ ఆమెది ఒకటే మాట.

"మామా, నీళ్లల్ల మందుగోలీల వాసనొస్తాంది."

"కడుపుతోని ఉన్నోళ్లకు గట్లనే అనిపిస్తది బిడ్డా. నీళ్లకేం రోగం?" అనేవాడు నాయిన, చెంబెత్తి గటగటా తాగి చూపిస్తూ.

అన్న తనకే వాసనా రాదనేవాడు. రోజంతా కంపెనీలో తిరిగే ముక్కుకు ఏం తెలుస్తుంది? నాకేమో ఒకరోజు వచ్చినట్టుండేది, ఒకరోజు రానట్టుండేది. దవాఖానలో డాక్టరమ్మ నీళ్లు మార్చి చూడమంది. వదిన నల్లా నీళ్లు ఒక చిన్న డ్రమ్ములో పట్టి దాచుకుంటే నాయిన చూశాడు. తింటున్న పళ్లెం ముందు నుంచి లేచిపోయాడు. దాంతో ఆమె మళ్లీ ముక్కు మూసుకుని బోరు నీళ్లే తాగసాగింది. ఆ నీళ్లు కడుపులో బిడ్డకు మంచివా కావా, ఆమెకు కావలసింది ఆ ఒక్క జవాబు.

ఊళ్లో ఇంకొందరు కూడా వాసన సంగతి ఎత్తడంతో కంపెనీ వాళ్లే ముందుకొచ్చారు. ఖర్చు మాది, పరిశోధన చేయిస్తాం, ముందు మీ నీళ్లలో, తర్వాత మీ రక్తంలో ఏమైనా చేరిందేమో తేలుస్తాం అన్నారు. గ్రామసభ పెట్టారు. సర్పంచు, మేడం, కంపెనీ ఆఫీసరు కుర్చీల్లో కూర్చున్నారు. ఆఫీసరు మర్యాదస్తుడే. సీసాలు మేమే ఇస్తాం, పేర్లు రాసి మా ల్యాబుకు పంపిస్తాం, ఫలితాలు మేం చూసుకుని మీకు చెబుతాం అని నెమ్మదిగా వివరించాడు.

నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను.

"ల్యాబు మీది, పేర్లు మీకాడుంటయి, ఫలితం ముందుగాల మీరే చూస్తరు. మరి మేమెందుకు సార్, నీళ్లు మోసుటానికా?"

వెనుక నుంచి అన్న నా కొంగు లాగాడు. "నా నౌకరికి ఎసరు పెడ్తవా ఏంది," అని గొణిగాడు.

అప్పుడు నాయిన లేచాడు. నా తరఫున మాట్లాడతాడని ఎవరూ అనుకోకండి. బోరును అనుమానిస్తున్నానని నాతో మాటలు బంద్ చేసి ఉన్నాడాయన. ఆయన పట్టుదల వేరు. తన బోరు మంచిదని తేలాలి, తేలాక ఏ నోరూ దానికి వంక పెట్టకూడదు.

"సార్, పండుగకు యాటను కోస్తే మా ఊళ్లె పోగులేస్తం. కోసినోడు పోగు ఏరుకోడు. గీ నీళ్లకు గూడ గట్లనే పోగులేద్దాం. అప్పుడు ఎవ్వనికి అనుమానముండది."

ఊరంతా ఒక్కసారి నవ్వింది, ఆఫీసరుకు మాత్రం అర్థం కాలేదు. సర్పంచు విప్పి చెప్పాడు. అందరూ కలిసి కొన్న యాటను, అంటే మేకనో గొర్రెనో, కోశాక మోదుగాకుల మీద సమానంగా పోగులు పెడతారు. పాలుదారులు తలా ఒక గుర్తు ఇస్తారు, పుల్లో, రాయో, చింతగింజో. ఒక మనిషి గోడవైపు తిరిగి, చూడకుండా, ఏ గుర్తుకు ఏ పోగో పిలుస్తాడు. మెత్తటి కండ వచ్చినా, వట్టి బొక్కలు వచ్చినా పిలిచిన పోగు పిలిచినట్టే. మార్చమని అడిగినవాణ్ని వచ్చే పండుగ దాకా ఎక్కిరిస్తారు.

మేడం కుర్చీలోంచి దాదాపు లేచింది. "ఇదే కావాలి. కంపెనీ డబ్బుతో పనిచేసే ప్రతిసారీ ఇదే అడగాలనుకుంటాను, అడిగితే పని ఇవ్వరని ఊరుకుంటాను. మీరు అడిగారు గదా, ఇక నేను వదలను," అంది. నాకు ఆమెను కౌగిలించుకోవాలనిపించింది.

ఆఫీసరు ఫోను పట్టుకుని బయటికి పోయాడు, వచ్చాడు, మళ్లీ పోయాడు. పొద్దు గూకేలోపు మాట కుదిరింది. ఖర్చు కంపెనీది, పెత్తనం కాదు. ఒక్కో బోరుకు మూడు సీసాలు. ఒకటి కంపెనీ చెప్పిన ల్యాబుకు, ఇంకొకటి గ్రామసభ ఎంచుకున్న ల్యాబుకు. మూడోది, తగువొస్తే చూసుకోవడానికి, ఊళ్లోనే, కిరాణా దుకాణం ఫ్రిజ్‌లో, మా తాళం కింద. ఫలితాలు పంచాయతీ ఆఫీసులో అందరి ముందే విప్పాలి, అంతకుముందు ఎవరూ చూడకూడదు, వచ్చింది వచ్చినట్టు బయటపెట్టాలి. తర్వాత రక్తపరీక్షలు కూడా ఇవే షరతుల మీద జరిగాయి. అప్పటికి వదిన ఒళ్లో కూతురుంది.

గుర్తులకు సంచులు కుట్టే పని నాది. ఎవరి గుర్తు ఏదో తెలియకూడదు గనుక అన్నీ ఒకే నీలం గుడ్డతో, ఒకే కొలతతో కుట్టాను. డిగ్రీ చదువు, కుట్టుపని ఒకే బల్ల మీద కలిసిన రోజు నా బతుకులో అదొక్కటే. మిషను తొక్కుతూ పాటలు పాడుతున్నానని మా అత్త వచ్చి నుదురు పట్టి చూసి పోయింది, జ్వరమేమోనని.

మేడం మనుషుల కళ్లముందే ఇంటింటా బోరు నీళ్లు మూడేసి సీసాలకు పట్టారు. ఇంటివాళ్లు లోపలికి పోయి, సంచిలో తమ గుర్తు వేసి ముడివేసి, సీసాలకు కట్టారు. అన్నీ బడి వరండాలోకి చేరి కలగలిసిపోయాయి. గోడవైపు తిరిగి పిలిచే మనిషి ఎవరన్నప్పుడు నాయినే అన్నాడు, "మా కోడలు పిలుస్తది. అనుమానం ఆమెదే గదా."

వదిన గోడకు ముఖం పెట్టి స్టూలు మీద కూర్చుంది. సర్పంచు ఒక్కో ఇంటి సీసాల కట్ట మీద చెయ్యి పెట్టి "దీనికి?" అనేవాడు. ఆమె నోటికొచ్చిన నంబరు పిలిచేది. మేడం ఆ నంబరును సీసాల మీదా సంచి మీదా అంటించి, సంచిని విడదీసి పంచాయతీ ఆఫీసులో పెట్టడానికి పక్కన ఉంచేది. పిల్లలు, ముసలివాళ్లు, చేను పని ఎగ్గొట్టి వచ్చినవాళ్లు, ఒకటే సందడి. ఎవరో "బొక్కల పోగు మాకు రాకుండ పిలువు బిడ్డా" అంటే వదిన భుజాలు కదిలేలా నవ్వింది. ఆమె అట్లా నవ్వగా చూసి చాలా రోజులైంది.

ఫలితాలు వచ్చిన రోజు పంచాయతీ ఆఫీసులో కాలు పెట్టే జాగా లేదు. రెండు ల్యాబుల కవర్లూ ఒకేసారి చించారు. మేడం ఒక కాగితం, నేను ఒక కాగితం పట్టుకుని నంబరు తర్వాత నంబరు చదివాం. ఆమె చదివిందీ నేను చదివిందీ కలుస్తున్న కొద్దీ నా గొంతు పైకి లేస్తోంది. ఎవరూ మోసం చేయలేదు. చేయడానికి సందు లేదు. చాలా బోర్లు బాగున్నాయి, కొన్నింటిలో రసాయనాల జాడ కొద్దిగా ఉంది. పదకొండో నంబరు దగ్గర మాత్రం ఇద్దరం ఆగిపోయాం. కంపెనీల్లో వాడే ఒక ద్రావకం అందులో ఉండకూడనంత ఉంది, రెండు కాగితాల్లోనూ.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "ఇదొక్కటే తేడాగా ఉంది. నీళ్లు పట్టేటప్పుడు ఏదో కలిసి ఉంటుంది. దీన్ని పక్కనబెట్టి మిగతావి ప్రకటిద్దామండి."

నేను నోరు తెరిచేలోపే నాయిన లేచాడు. "పిలిచిన పోగు మార్చుడు లేదు సార్. అది ఎవలదైనా గానీ."

గది గదంతా చప్పట్లు. నా గుండె ఉప్పొంగింది. ఆ ఊపులోనే కత్తెర తీసుకుని పదకొండో సంచి దారం కత్తిరించి, బల్ల మీద బోర్లించాను.

మెలితిప్పిన రాగి తీగ ముక్క ఒకటి పడింది. బోరు మోటారు ఫ్యూజుకు కట్టే తీగ. మా ఇంట్లో ఆ తీగ ముట్టుకునేది ఒక్కరే.

"ఎవలది గిది?" అన్నాడు సర్పంచు. నేను నాయిన వైపు చూశాను, వదిన కూడా చూసింది.

"నాదే," అన్నాడు నాయిన.

సర్పంచు గొంతు తగ్గించాడు. "కాకా, కావాలంటే ఇంకోపారి నీళ్లు పట్టిద్దాం."

"ఇప్పుడే గద నేనన్నది," అని నాయిన చెప్పులు వేసుకుని నడిచాడు.

మేం ఇల్లు చేరేసరికి ఆయన పెరట్లో ఉన్నాడు. మోటారు నడుస్తోంది. స్టార్టరు డబ్బా తెరిచి ఫ్యూజు పీకాడు, మోటారు మూలిగి ఆగింది. ఆ ఫ్యూజు తెచ్చి వదిన చేతిలో పెట్టాడు.

"నువ్వు చెప్పంగనే ఇనకపోతిని బిడ్డా."

వదిన ఏడుస్తోంది, కానీ ముఖం తేటగా ఉంది. ఫ్యూజు కొంగున ముడేసుకుని లోపలికి పోయి, ఆ చిన్న డ్రమ్ములో మళ్లీ నల్లా నీళ్లు పట్టి, చెంబు ముంచి తెచ్చింది. నాయిన కొంచెంసేపు చెంబులోకి చూసి, ఎత్తి మొత్తం తాగాడు.

"ఎట్లున్నయి మామా?"

"సప్పగున్నయి," అన్నాడు, ఖాళీ చెంబు మళ్లీ ఆమె ముందుకు చాపుతూ.