పళ్లెంలో పుల్ల

కొత్త ఉద్యోగం, కొత్త పెళ్లి. ఆ రోజుల్లో ఫోన్లో రెండు వీడియోలు చూస్తే చాలు, రాని విద్యంటూ ఉండదని నా గట్టి నమ్మకం. (ఇప్పటి కుర్రాళ్లను చూసి నవ్వబోయి ఆగిపోయేది అందుకే.) మిరుదొడ్డి దగ్గర మా మామకు నీలగిరి తోట ఉంది. అందులోంచి ఒక మొక్క తెచ్చి, సిద్దిపేటలో మా కిరాయి ఇంటి డాబా మీద, లోతు లేని మట్టి పళ్లెంలో మరుగుజ్జు చెట్టుగా పెంచడం మొదలుపెట్టాను. "నిలువునా పెరిగినదానికే గిరాకి లేదు అల్లుడా, పొట్టిది జేసి ఏం జేస్తవ్?" అని మామ నవ్వాడు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. రెండేళ్లకు చెట్టు మూరెడు ఎత్తున ముచ్చటగా తయారైంది. ఆదివారం వచ్చి చూస్తానని మామ ఫోన్ చేశాడు.

ఆయన వచ్చేలోపు కొత్త పళ్లెంలోకి మార్చి మరింత షోకు చేద్దామనుకున్నాను. పెకిలించి చూస్తే వేళ్లు చుట్టలు చుట్టుకుని పళ్లెం ఆకారంలోనే ఉన్నాయి. మూడో వంతు కత్తిరించమని వీడియోలో చెప్పారు. ఒక పక్క కత్తిరిస్తే రెండో పక్క ఎక్కువనిపించింది, అది సరిచేస్తే మొదటిది ఎక్కువనిపించింది. (అంతకుముందు నెల నా మీసం ఇదే పద్ధతిలో పోయింది.) చివరికి పిడికెడు వేళ్లు మిగిలాయి. సాయంత్రానికి ఆకులన్నీ వేలాడిపోయాయి. నీళ్లు చిలకరించి, పడకగదిలో పెట్టి, గాలి తగలకుండా కిటికీలు మూసి, చుట్టూ దుప్పటి కప్పాను. "గిది చెట్టా, బాలింతనా?" అంది మా ఆవిడ.

మర్నాడు దాన్ని మెట్ల కింద నీడలో పెట్టి ఆఫీసుకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఒక్క ఆకు లేదు. పళ్లెంలో ఉత్త పుల్ల నిలబడి ఉంది. కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు, మేము అవ్వ అని పిలిచే పెద్దావిడ, చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "సర్ది పట్టింది బిడ్డా. ఎట్లాగూ వాడిపోయిన ఆకే గదా అని తెంపి ఆవిరి పట్టుకున్న. మంచిగ తగ్గింది" అంది. నేను పళ్లెం ఎత్తుకుని మెట్లెక్కాను.

ఆదివారం మామ వచ్చి పళ్లెం చుట్టూ తిరిగాడు. "గీ పుల్ల ఏంది?" అన్నాడు. నేను గోడ వైపు చూశాను. అప్పటిదాకా నన్ను ఏడిపించిన మా ఆవిడే ఆయనకు చాయ్ అందిస్తూ, పుట్టినప్పటి నుంచి ఇదే పనిలో ఉన్నదానిలా, "వేర్లు కోసినంక ఆకులు తెంపాలె బాపూ. గదే పద్ధతి" అంది. "గట్లనా" అని మామ చాయ్ తాగాడు.

కొన్నాళ్లకు కాండం నిండా ఎర్రటి చిగుళ్లు వచ్చాయి. నేను వెతికి చదివితే తేలిందేమిటంటే, వేళ్లు తీసినప్పుడు ఆకులు కూడా తగ్గించాలట, లేకుంటే చెట్టు తట్టుకోలేదట. "నీకెట్ల తెలుసు?" అని మా ఆవిడను అడిగాను. "నాకేం ఎరుక? నీ మొకం జూసి అన్న" అంది.

ఇప్పుడు ఆ చెట్టుకు ఏది ఎంత కత్తిరించాలో నాకు బాగా తెలుసు. అయినా ఎప్పుడైనా చెయ్యి జారితే, మామకంటే ముందు మా ఆవిడే కేకలేస్తుంది. అద్దంలో చూసుకుంటే ఆమెను తప్పుపట్టలేను. చూడగానే ఎవరికైనా నా కోసం అబద్ధమాడాలనిపించేంత అమాయకమైన ముఖం ఒకప్పుడు నాకుండేది.