టిచ్ బటన్ల చొక్కా

వీధిలో ఆమెను అందరూ టైలరమ్మ అనేవారు. పేరు పెట్టి పిలిచే పెద్దవాళ్ళు అప్పటికే పోయారు. ఇంటి ముందుగదిలో సగం కుట్టుమిషనుకు సరిపోయేది. తక్కిన సగంలో ఇస్త్రీబల్ల, దాని కింద కూతురి బొమ్మలు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన పిల్ల. గువ్వ అని ముద్దుపేరు. గాలి సోకితే కందిపోతుందన్నట్టు చూసుకునేది. మాట మాత్రం పదునే. చొక్కా బిగుతైందని ఎవరైనా వాపోతే, గుడ్డ పెరగదు నాయనా, నువ్వే పెరిగావు అనేది, పళ్ళ మధ్య గుండుసూదులు తీయకుండానే.

గువ్వకు ఐదేళ్ళు నిండకముందే బడిలో కొత్త పద్ధతి పెట్టారు. ఆటలయ్యాక పిల్లలు ఆటబట్టలు విప్పి, యూనిఫాం చొక్కా తామే తొడుక్కుని, బటన్లన్నీ పెట్టుకోవాలి. గంట కొట్టేలోగా కానివాళ్ళు తరగతి ముందు నిలబడి, మిగతావాళ్ళు అన్నం డబ్బాలు విప్పి తింటుండగా ఆ పని పూర్తిచేయాలి. ఏడాది చివరికీ రాకపోతే పై తరగతి లేదు. గువ్వ బొటనవేలికీ చూపుడువేలికీ ఇంకా పొత్తు కుదరలేదు. బటన్‌ను కాజా దాకా తెచ్చేది, అక్కడ జారవిడిచేది. ఆటలున్న ప్రతిరోజూ డబ్బా మూత తీయకుండానే ఇంటికి తెచ్చేది.

టైలరమ్మకు తోచిన ఉపాయం తన చేతిపనే. కాజాలను కుట్టి మూసేసి, పైన బటన్లు అలంకారానికి ఉంచి, లోపలివైపు టిచ్ బటన్లు కుట్టింది. అరచేత్తో నొక్కితే టిక్కుమని అతుక్కునేవి. గువ్వ ఖాళీ డబ్బా ఊపుకుంటూ గెంతుతూ వచ్చింది.

నిప్పును ఒళ్ళో ఎంతసేపు దాచగలం? తరగతిలో గువ్వ పక్కన కూర్చునే మందుల షాపావిడ కొడుకు ఆ టిక్కు విన్నాడు, ఇంట్లో చెప్పాడు. కొద్ది రోజుల్లోనే ఆ తరగతి తల్లులంతా ఒకరికి తెలియకుండా ఒకరు సంచీల్లో చొక్కాలు పెట్టుకుని వచ్చారు. మావాడికి వచ్చులే, ఏదో తొందర కోసమని ప్రతివాళ్ళూ అన్నారు. టైలరమ్మ లోలోపల నవ్వుకుని కుట్టిచ్చింది.

బడిలో పెద్ద మేడమ్ మురిసిపోయింది. ఈ వయసుకు రాదన్నది అపోహేనని తేలిందట. ఇకనుంచి బూట్ల లేసులూ వాళ్ళే కట్టుకోవాలని, సమయం కూడా తగ్గిస్తున్నామని కబురు పంపింది. లేసులకు టిచ్ బటన్లు కుట్టలేరు కదా. తల్లులు టైలరమ్మ ముందుగదిలో చేరి గోలపెట్టారు. అందరం కలిసి అడుగుదామన్నారు. పిల్లి మెడలో గంట ఎవరు కడతారన్న దగ్గరికొచ్చేసరికి ఒక్కొక్కరికీ ఇంట్లో పని గుర్తొచ్చింది.

టైలరమ్మ భర్తది లిఫ్టులు బాగుచేసే పని. భోజనం దగ్గర సంగతంతా విన్నాడు.

"నువ్వు ముందు నడవకు. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు."

"ఉంటారండీ. వాళ్ళవాళ్ళూ పిల్లలేగా."

"పిల్లలు వాళ్ళవాళ్ళే. మాట మాత్రం నీదవుతుంది."

బడిలో సమావేశం రోజున తల్లిదండ్రుల్ని పిల్లల కుర్చీల్లోనే కూర్చోబెట్టారు. మోకాళ్ళు గడ్డాలకు తగులుతున్నాయి. టైలరమ్మ లేచింది. ఆ వేళ్ళకు ఆ పని ఇంకా రాదని, కాస్త ఆగితే దానంతటదే వస్తుందని, అందాకా పిల్లల్ని తిండి దగ్గర నిలబెట్టొద్దని చెప్పింది. పెద్ద మేడమ్ ఓపిగ్గానే వింది.

"రాదని మీరంటున్నారు. నా కళ్ళ ముందే అందరూ పెట్టుకుంటున్నారమ్మా. మీ పాప కూడా."

ఇక దాచడానికేమీ మిగల్లేదు. "అవి కాజాలు కావండీ. నేనే కుట్టి మూసేశాను. లోపల టిచ్ బటన్లున్నాయి."

"మీ పాప చొక్కాకా?"

"అందరివీ."

గదిలో అందరూ తేలు కుట్టిన దొంగల్లా ఉండిపోయారు. చివరికి బ్యాంకులో పనిచేసే తల్లి గొంతు సవరించుకుంది. టైలరమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"బిగుతైతే వదులు చేయమని ఇచ్చామండీ. లోపల ఏం పెట్టిందో మాకేం తెలుసు?"

మిగతావాళ్ళు తలలూపారు. లేసుల మాట ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు గేటు దగ్గరే చొక్కాలు తిప్పి చూశారు. తల్లులు వేరే కుట్టుషాపు చూసుకున్నారు. ఎదురుపడితే, మా పిల్లలూ నీవల్లే నిలబడుతున్నారు అన్నట్టు మొహం తిప్పుకునేవారు. నెలలు గడిచేకొద్దీ తరగతిలో గువ్వకన్నా కాస్త పెద్ద పిల్లలు ఒక్కొక్కరే నేర్చుకుని, డబ్బాల దగ్గర కూర్చున్నారు. అమ్మ చేత దొంగ బటన్లు కుట్టించుకున్న పిల్ల అని టీచరు గువ్వను అందరికీ చూపించింది. ఇంట్లో కుదురుగా బటన్ పెట్టగలిగే రోజు వచ్చింది కూడా. కానీ బడిలో నిలబడితే వేళ్ళు బిగుసుకుపోయేవి. వేళ్ళకు వయసుతోపాటు భయమూ వచ్చింది. టైలరమ్మ మరో రెండు బళ్ళు తిరిగింది; అక్కడ ఇంతకన్నా కష్టమైన పరీక్షలున్నాయి. సెలవుల ముందు, గువ్వ ఆ తరగతిలోనే ఉంటుందని చెప్పేశారు.

బడి మళ్ళీ తెరిచిన రోజు ఆటలు లేవు. పొద్దున గువ్వ ముట్టుకోనంటే తల్లి పెట్టిన బటన్లు సాయంత్రానికీ అలాగే ఉన్నాయి. చొక్కా మార్చబోతే గువ్వ రెండు చేతులూ గుండెకు అడ్డం పెట్టుకుంది.

"చెమట పట్టిందిరా తల్లీ. విప్పి ఉతికేస్తా. పొద్దున మళ్ళీ నేనే పెడతాగా."

"వద్దమ్మా. నువ్వు పెడితే దొంగతనమంట. రేపటికీ ఇలాగే ఉంచు."

టైలరమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. గువ్వ ఆ చొక్కాతోనే అన్నం తింది, మీద మెతుకు పడకుండా, వంగి, చాలా జాగ్రత్తగా.