ముత్యం మిషన్‌కు చెప్పిన చదువు

సలాబత్‌పురా బట్టల బజారులో చీరల సేటు దగ్గర ముత్యం చాలా ఏళ్లు బట్ట చూసే పని చేశాడు. బట్ట తానును పరిచి, పోగు తెగిన చోటల్లా సుద్దతో గీత పెట్టేవాడు. చూపు తగ్గి గీతలు తప్పుతుంటే సేటు వెళ్లగొట్టకుండా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. తెర మీద అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు కదా. దయ అనుకునేరు, ఆ జీతానికి ఇంకెవడూ దొరకలేదు.

పని సులువే. కంపెనీకి వచ్చే మెయిల్స్‌ను సర్వర్ తనే వేరు చేస్తుంది, కానీ పొరబడుతుంది. పనికొచ్చేదాన్ని ముత్యం 'మంచి' ఫోల్డర్‌లోకి, పనికిరానిదాన్ని 'చెత్త' ఫోల్డర్‌లోకి జరపాలి. సర్వర్ రోజూ ఆ రెండూ చదువుకుని నేర్చుకుంటుంది. "దానికి పూర్తిగా వచ్చేదాకే నువ్వు," అని సేటు ముందే చెప్పాడు. నెలకోసారి వచ్చి చెత్త తిరగేస్తాడు. అందులో ఒక్క మంచి మెయిల్ దొరికితే సర్వర్‌కు ఇంకా రాలేదని లెక్క, ముత్యానికి ఇంకో నెల ఉద్యోగం.

మన ముత్యం మహా తెలివైనవాడు. మంచివి కొన్ని తనే చెత్తలో పడేయసాగాడు. ఆర్డర్లు పడేస్తే గోల అవుతుంది. అందుకని ఉద్యోగం ఇమ్మని రాసేవి ఎంచుకున్నాడు, అందులోనూ ఉన్ బస్తీలో ఉండే, మనలా వలసొచ్చిన మగ్గాల వాళ్ల పిల్లలవి. వాళ్లు వచ్చి నిలదీయరు కదా. స్నేహితుడు గంగారాం కొడుకుది పడేసిన రోజే గంగారాంతో చాయ్ తాగాడు. "ఇల్లు గడవాలె గదనే," అన్నాడు పక్కింట్లో ఉండే నాతో. నాకు ఒళ్లు మండింది.

ఒక సాయంత్రం అన్నం తింటుంటే కూతురు సింధూజ నవ్వుతూ చెప్పింది. "నాయినా, మీ సేట్‌కు అకౌంట్స్ పనికి మెయిల్ పెట్టిన. నువ్ సిఫారిష్ చెయ్యకు. నాకు నౌకరీ వస్తే నువ్ ఇంట్ల కూసో, జర కండ్లు సూపిచ్చుకో."

ముత్యం పొద్దున్నే వెళ్లి చూస్తే ఆ మెయిల్ చెత్తలోనే ఉంది. అతను ముట్టుకోలేదు, సర్వరే పడేసింది. ముందు భయపడ్డాడు, తర్వాత సంతోషపడ్డాడు. ఆ రోజే సేటు వచ్చే రోజు. ఈ తప్పు చూపిస్తే తన పని నిలుస్తుంది, బిడ్డ మెయిలూ సేటు కంట పడుతుంది.

"చూడండి సేట్, దీనికి ఇంకా రాలేదు. బీకాం చదివిన పిల్లను చెత్తలో వేసింది," అని హిందీలో చెప్పాడు.

ఎప్పుడూ పైపైన చూసే సేటు ఈసారి అద్దాలు పెట్టుకుని పేరు, అడ్రసు చదివాడు. కింద పాతవీ చదివాడు. సింధూజదిలాగే అన్నీ ఉన్ నుంచి వచ్చినవే.

"తప్పెక్కడుంది? ఈ గల్లీల వాళ్లను లెక్కల దగ్గర ఎవరు కూర్చోబెడతారు? బరాబర్‌గానే పడేసింది."

"నా బిడ్డ, సేట్."

"అయితే దారాలు కత్తిరించడానికి పంపు. మిషన్‌కు అంతా వచ్చేసింది ముత్యం, బాగా నేర్పావు. రేపట్నించి రాకు."

ఇంటికి వచ్చేసరికి సింధూజ గుమ్మంలోనే ఉంది.

"నాయినా, సేట్ నా మెయిల్ సూసిండా?"

"సూసిండు బిడ్డా."

"ఏమన్నడు?"

ముత్యం తల ఎత్తకుండా చెప్పులు విప్పాడు. "రేపటి సంది నన్ను ఇంట్ల కూసోమన్నడు."

లోపల చీరలకు దారాలు కత్తిరిస్తున్న తల్లి భూదేవికి వినబడేలా, "అమ్మా, నాకు నౌకరీ వచ్చింది!" అని సింధూజ కేక పెట్టింది.